పిల్లవాడిని వేటకు తీసుకుపోవచ్చా అని నన్నడిగారు

మా బాబా నన్ను ఎప్పుడూ ఏదీ అడిగేవాడు కాదు, చెప్పేవాడు. బండి తియ్యి, గడ్డి దింపు, పిల్లవాణ్ని బడి నుంచి తీసుకురా. బాబా అంటే మా నాయన కాదు. సౌదీలోని బురైదాలో నన్ను పనికి పెట్టుకున్న కఫీలు. ఇళ్లలో పనిచేసే మాలాంటి వాళ్లం యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేవాళ్లం. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉండేది, నేను ఆయన బండిలో ఉండేవాణ్ని. ఇద్దరి మధ్యా అంతకంటే ఎక్కువ మాటలు అవసరం పడలేదు.

అలాంటి మనిషి ఒక సాయంత్రం ఖర్జూరం తోటలో నేను గడ్డిమోపులు దింపుతుంటే నడుచుకుంటూ వచ్చాడు. ఒక మోపును కాలితో కదిపి చూశాడు. తర్వాత, "నా కొడుకును ఈ చలికాలం వేటకు తీసుకుపోవచ్చంటావా? రోజూ వాడితో ఉండేది నువ్వే కదా" అన్నాడు.

మోపు నా నెత్తిమీదే ఉంది. దించడం మర్చిపోయాను. ఈయన నన్నెందుకు అడుగుతున్నాడు? జింకల వేట వాళ్ల వంశంలో తాతల నాటి నుంచి ఉన్నది. కొడుకు ఆయన కొడుకు, తుపాకి వాళ్ల తుపాకి, ఎడారి వాళ్ల ఎడారి. మధ్యలో డ్రైవరు మాట దేనికి? సరే తీసుకుపొండి అంటే, రేపు పిల్లవాడికి ఏదన్నా అయితే 'ఈ హిందీ వాడే సరేనన్నాడు' అంటారు, హిందీ అంటే ఇండియా వాడు. వద్దంటే, 'నా కొడుకు మగవాడు కాదంటావా' అంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

నేను పుట్టి పెరిగింది జగిత్యాల దగ్గర ఒక పల్లెలో. మా తాతా, నాయనా దొర గడీ ముందు చేతులు కట్టుకుని బతికినవాళ్లు. దొర అడిగేది జవాబు కోసం కాదని మా ఇంట్లో పిల్లలకు నడక కంటే ముందే నేర్పేవాళ్లు. ఈ ఎద్దు మంచిదేనారా అని దొర అడిగాడనుకోండి. మంచిదంటే దాని మీద నీ కన్ను పడిందిరా అంటాడు, కాదంటే నా ఎద్దుకు వంక పెడతావా అంటాడు. అందుకని 'మీ దయ దొరా' అనాలి. ఆ ఒక్క మాటతో మా తాత డెబ్బై ఏళ్లు వెళ్లదీశాడు.

నేనూ అదే అన్నాను, వచ్చీరాని అరబ్బీలో. "మీ ఇష్టం బాబా. మీరెట్లంటే అట్ల."

ఆయన తల తిప్పి కుడి చెవి నా వైపు పెట్టాడు. ఆయనకు ఎడమ చెవి వినిపించదు. ఎప్పుడూ ఆ వైపు నుంచి మాట్లాడకూడదని తెలిసినా, కంగారులో మర్చిపోయాను. మళ్లీ చెప్పాను. ఆయన తలాడించి, మోపు వైపూ నా వైపూ ఒకసారి చూసి వెళ్లిపోయాడు. గండం గడిచిందనుకున్నాను.

తోటలో నీళ్ల మోటార్లు చూసే భాయ్ ఒకాయన ఉండేవాడు. కోరుట్ల ఆయన, నాకంటే పదేళ్లు పెద్ద, ఆ ఇంట్లో నాకంటే చాలా పాత. రొట్టెలు కాలుస్తుంటే పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను.

"మరి నువ్వేమన్నవ్?"

"మీ ఇష్టం అన్న భాయ్."

ఆయన రొట్టె తిప్పడం ఆపాడు. "అయితె ఒప్పుకున్నవన్న మాట."

"ఒప్పుకోలే. మీ ఇష్టమన్న."

"గీళ్ల ఇంట్ల అదే ఒప్పుకునుడు తమ్మీ. నీకు ఎర్క లేదా? పోరన్ని వేటకు తీస్కపోవాల్నంటె పెద్ద బాబా ఇంట్ల అందరిని అడిగిపిస్తడు. తల్లిని, సార్‌ను, ఖురాన్ చెప్పే ఆయ్నను, ఆఖరికి డ్రైవర్‌ను. పోరడు ఎవరి చేతుల పెరుగుతుండో గాళ్లందరు సరే అని గవాయి చెప్పాలె. ఒక్కడు వద్దన్నా ఆ యేడాదికి బంద్. వద్దనకుంటె సరే అన్నట్టే లెక్క."

"ఎవలన్న వద్దన్నరా ఇప్పటిదాంక?"

"నేనొచ్చినంక ఎవడనలే. పెద్ద కొడుకు పోరలిద్దరు గిట్లనే పోయిండ్రు." గొంతు తగ్గించి మళ్లీ అన్నాడు. "నన్నడిగితె గిదంత మన మీదికి తోసుడే. రేపు ఏమన్నయిందనుకో, అందరు సరే అన్నరు గదా అంటరు."

తిలాపాపం తలా పిడికెడు. నాకూ అదే అనిపించింది. పెద్ద బాబా అంటే మా బాబా తండ్రి, ఆ ఇంటికి పెద్దదిక్కు. గడ్డం తెల్లబడినా చూపు చెక్కుచెదరలేదు. ఆయన కాఫీ తాగుతుంటే నేను ఇంటి వెనక నుంచి చుట్టు తిరిగి పోయేవాణ్ని. అలాంటి మనిషి డ్రైవరు మాటకు విలువిస్తాడంటే నమ్మడానికి నేనేం పిచ్చివాణ్ని కాదు.

మాకు నమ్మకాలు తక్కువగా ఉండటానికి కారణాలు లేకపోలేదు. గల్ఫ్ యుద్ధానికి ముందు ఆ తోటలో యెమెనీలు పనిచేసేవాళ్లు. కువైట్ గొడవ మొదలైన కొన్ని నెలలకే అందరూ సామాన్లు కట్టుకుని వెళ్లిపోయారు. ఇరవై ఏళ్లుగా ఉన్నవాడు కూడా. వాళ్లు ఏం తప్పు చేశారని అడిగితే 'ఖల్లీ వల్లీ' అన్నారు, అంటే వదిలెయ్ అని. అప్పటి నుంచి రేడియోలో చల్లటి కబురు వస్తే కూడా నేను నా సూట్‌కేసు వైపు చూసేవాణ్ని. అనుమానం పెనుభూతం అంటారు. నాకు మాత్రం అది కాపలా కుక్క. మొరిగినా మొరగకపోయినా గుమ్మంలో ఉంటే చాలు, కంటికి కునుకు పట్టేది.

అయితే ఈ వేట విషయంలో నా భయం నా మెడ గురించి మాత్రమే కాదు. నాకు ఒక సంగతి తెలుసు.

యుద్ధం మొదలైనప్పుడు మామా రియాద్‌లో పుట్టింట్లో ఉంది. ఆమె అక్కడే చిక్కుకుపోయింది, ఐదేళ్ల కొడుకుతో. తీసుకురమ్మని బాబా నన్ను పంపాడు. నేను వెళ్లిన రాత్రే సైరను మోగింది. ఇంట్లో అందరికీ విషవాయువు సోకకుండా రబ్బరు మాస్కులున్నాయి. నాకు తడి తువ్వాలు ఇచ్చారు. అది పెట్టుకుంటే ఏమవుతుందో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. ఎక్కడో దూరంగా పెద్ద చప్పుడు వచ్చి కిటికీలు గలగలమన్నాయి. మాస్కులో పిల్లవాడు ఊపిరాడక ఏడుస్తుంటే ఆ ఏడుపు బయటికి రాలేదు, అద్దం మీద ఆవిరి మాత్రం పట్టింది. తెల్లారాక వాళ్లిద్దర్నీ ఎక్కించుకుని బురైదా వచ్చేశాను.

యుద్ధం అయిపోయింది. అద్దాలకు అంటించిన టేపులు పీకేశారు. మాస్కులు అటక మీదికి పోయాయి. పిల్లవాడు బడికి పోవడం మొదలుపెట్టాడు. అందరికీ వాడు మామూలుగానే ఉన్నాడు. నాకు మాత్రం కాదు, ఎందుకంటే వాడు నా బండిలో ఉండేవాడు. ఏ లారీ అయినా పక్క నుంచి సైలెన్సరు ఢామ్మనిపిస్తే చాలు, వెనక సీటు కిందికి జారిపోయి చెవులు మూసుకునేవాడు. ఒకసారి బడి దారిలో మా టైరే పేలింది. నేను బండి పక్కకు ఆపి వెనక్కి చూస్తే సీట్ల మధ్య ముడుచుకుని ఉన్నాడు. నిక్కరు తడిసిపోయింది. నేను టైరు మార్చి, దుకాణంలో కొత్త నిక్కరు కొని తొడిగి బడికి తీసుకుపోయాను. దిగేముందు నా చొక్కా పట్టుకుని, "మా నాన్నకు చెప్పకు. తాతకు అసలు చెప్పకు" అన్నాడు. చెప్పనన్నాను. ఆ ఇంట్లో నేను నోటితో ఇచ్చిన మాట అదొక్కటే.

ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్లు. వేటకు వద్దని నేనంటే, ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే పిల్లవాడి పరువు పోతుంది. చెప్పకపోతే వాడి చేతికి నిజం తుపాకి వస్తుంది. పేలేటప్పుడు వాడు ఏం చేస్తాడు? చెవులు మూసుకోవడానికి చేతులు తీస్తాడు. చేతులు తీసిన తుపాకి ఎటు తిరుగుతుందో, దాని ముందు ఎవరుంటారో? ఈ లెక్క తెలిసింది నాకొక్కడికే.

ఈలోగా తోటలో సాధన మొదలైంది. గాలి తుపాకి ఒకటి తెచ్చారు. ఖాళీ కూల్‌డ్రింకు డబ్బాలు గోడ మీద వరసగా పెట్టి పిల్లవాడితో కొట్టించేవాళ్లు. వాడు చక్కగా కొట్టేవాడు. గాలి తుపాకి చప్పుడు ఎంతని, చిటికె వేసినంత. డబ్బా ఎగిరి పడినప్పుడల్లా పెద్ద బాబా గడ్డం నిమురుకునేవాడు. మా బాబా మాత్రం నవ్వేవాడు కాదు. డబ్బాల వైపు చూడకుండా నా వైపు చూసేవాడు. నన్నెందుకు చూస్తున్నాడు? పిల్లవాడు నాకేమైనా చెప్పాడని అనుమానమా? లేక మేం ఇద్దరం ఏదో దాస్తున్నామని పసిగట్టాడా? నేను గడ్డిమోపుల వెనక్కి పోయేవాణ్ని.

తర్వాత జింక వచ్చింది. ఒక మధ్యాహ్నం పికప్ వెనక గోనెపట్టా కప్పి తీసుకొచ్చారు. చిన్నది, ఇసుక రంగుది, కళ్లు మాత్రం ముఖం మొత్తం ఆక్రమించినట్టున్నాయి. తోట చివర తడికెల దొడ్డిలో పెట్టి, కాలికి తాడు వేసి, మేత పెట్టే పని నాకు అప్పగించారు. పెద్ద బాబా వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అన్నాడు.

"పిల్లవాడికి చూపించొద్దు."

అది విన్నాక నాకు అర్థం కావడానికి ఇంకేం మిగల్లేదు. పెంచుకోవడానికి తెచ్చిన జంతువును పిల్లల దగ్గర ఎవరు దాస్తారు? దీన్ని ఎడారిలో వదిలి వాడితో కొట్టిస్తారు. వేట కాదు, వేట ఆట. భాయ్‌తో చెబితే ఆయన అనుమానం నాకంటే రెండాకులు ఎక్కువ చదివింది.

"జింకను కొట్టొద్దని సర్కార్ ఆర్డర్ ఉన్నదంటున్నరు తమ్మీ. దాన్ని బండ్ల ఏస్కొని పోయేదెవరు? నువ్వు, నేను. నడుమల పోలీసోడు ఆపితె బండి ఎవడు నడుపుతుండో గాడే దొంగ. గీళ్లు ముంగట బండ్ల కాఫీ తాక్కుంట పోతరు."

"మరి ఏంజేద్దాం?"

"ఏం జేస్తం? నోర్మూసుకొని ఉంటం."

నేను రోజూ పికప్‌లో గడ్డి తీసుకుపోయేవాణ్ని. మొదట్లో జింక నన్ను చూసి తడికెకు తల కొట్టుకునేది. వారం తిరక్కుండా బండి చప్పుడు వింటే చాలు, తాడు లాక్కుంటూ ఎదురొచ్చేది. దానికైనా అనుమానం ఉండాల్సింది అనుకునేవాణ్ని. మేత పెట్టే చేతిని నమ్మడం మనుషులకే మంచిది కాదు, జింకకు అసలు మంచిది కాదు.

వేటకు రెండు రోజుల ముందు బాబా బజారుకు పోదామని బండి ఎక్కాడు. ఎప్పుడూ వెనక కూర్చునేవాడు ఆ రోజు ముందు కూర్చున్నాడు. సౌదీలో డ్రైవరు కూర్చునేది ఎడమ వైపు. కాబట్టి ఆయన వినిపించని చెవి నా వైపుంది. కాసేపటికి బండి ఆపమన్నాడు. మొత్తం నా వైపు తిరిగి కూర్చున్నాడు.

"నువ్వు నిజం చెప్పు. వాడు సిద్ధంగా ఉన్నాడా?"

మొదటిసారి అడిగినప్పుడు నాకు ఒక అనుమానమే ఉండేది. ఇప్పుడు నాలుగొచ్చాయి. పిల్లవాడి సంగతి ఎవరో చెప్పేశారు, నేను దాచానో లేదో చూస్తున్నాడు. లేదా ఎవరూ చెప్పలేదు, నా నోటితో చెప్పించి తండ్రి ముందు నన్ను నిలబెడతాడు. లేదా జింక సంగతి నేను బయట చెప్పానేమోనని కూపీ లాగుతున్నాడు. లేదా ఊరికే నన్ను పంపించడానికి ఒక వంక కావాలి.

"మీకంటే నాకేం తెలుసు బాబా" అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశాడు.  తర్వాత ముందుకు తిరిగి, "పోనియ్" అన్నాడు. బజారులో ఏమీ కొనలేదు. అసలు బజారుకు ఎందుకు వచ్చామో అని దారంతా తల బద్దలు కొట్టుకున్నాను.

గురువారం బడికి సెలవు. పొద్దు పొడిచాక బయలుదేరాం. రెండు వరసల సీట్లున్న నా పికప్‌లో పెద్ద బాబా ముందు, బాబా, పిల్లవాడు వెనక. భాయ్ జింకను ఇంకో పికప్‌లో వేసుకుని వేరే దారిలో ముందే వెళ్లిపోయాడు. అనుకున్న ప్రకారం మేం ఇసుకదిబ్బలకు ఇవతల దిగాలి, నేను హారను కొట్టాలి, దిబ్బలకు అవతల ఆయన జింకను విప్పి వదలాలి. అది పారిపోయే లోపల పిల్లవాడు దిబ్బెక్కి కొట్టాలి. ఈ ఏర్పాటు పిల్లవాడికి తప్ప అందరికీ తెలుసు.

దారిలో పిల్లవాడు వెనక సీటు మధ్యకు జరిగి కూర్చున్నాడు. అద్దంలో నాకు వాడి కళ్లు కనిపిస్తున్నాయి. నేను చూసినప్పుడల్లా వాడూ చూశాడు. చెప్పలేదు కదా అన్నట్టు ఉంది ఆ చూపు.

దిబ్బల దగ్గర దిగాం. వానలు పడి అక్కడక్కడా గడ్డి మొలిచింది. పెద్ద బాబా గుడ్డ విప్పి తుపాకి తీశాడు. హారను కొట్టమంటాడేమోనని నేను స్టీరింగు దగ్గరే నిలబడ్డాను. అప్పుడు దిబ్బలకు అవతల బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. అంతలోనే అది దూరమైపోయింది.

తర్వాత తెలిసింది, దూరంగా దుమ్ము లేపుకుంటూ పోతున్న ఏదో బండిని చూసి భాయ్ పోలీసులే అనుకున్నాడట. జింకను కిందికి తోసి, వెనక్కి చూడకుండా తోట దాకా బండి తోలుకుపోయాడట. నేను పొద్దున నీరసంగా మేత పెట్టిన ఆ జింక దిబ్బ మీద కనిపించింది. పారిపోలేదు. మమ్మల్ని చూసింది, నా పికప్‌ను చూసింది. మెడ చాచుకుని నిదానంగా దిగి వచ్చి, బండి వెనక తలుపును మూతితో పొడవడం మొదలుపెట్టింది. కాలికి తాడు ముక్క అలాగే ఉంది.

పిల్లవాడు ఆ తాడు చూశాడు. తాతను చూశాడు. నన్ను చూశాడు. నేను వేరే వైపు చూశాను.

పెద్ద బాబా ముఖంలో ఏమీ కదల్లేదు. తూటా పెట్టి, తుపాకిని నేల వైపు పట్టుకుని, నమాజు ముందు అందరినీ పిలిచేంత గట్టిగా అడిగాడు. "ఇక్కడున్నవాళ్లలో వీడు సిద్ధంగా లేడనేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

ఆయన కాక ఉన్నది ముగ్గురం. పిల్లవాణ్ని తీసేస్తే ఇద్దరం. బాబా నా వైపు చూశాడు. అన్ని రోజులూ నేను తప్పించుకు తిరిగిన చూపు అది. అప్పుడు దాంట్లో కూపీ ఏమీ కనిపించలేదు. మా ఊళ్లో అప్పు కోసం వచ్చి నోరు తెరవలేక గుమ్మంలో నిలబడ్డ మనుషుల్ని చూశాను, అలా ఉంది. కఫీలు డ్రైవరును బతిమాలడం ఎక్కడైనా ఉందా? ఆయన పక్కనే కొడుకు నన్ను అంతకంటే గట్టిగా బతిమాలుతున్నాడు, చెప్పొద్దని.

ఇక నాకు గోడ మీద పిల్లిలా ఉండటం కుదరలేదు. నోటికొచ్చింది అన్నాను.

"పెద్ద బాబా, నాకు భయం. యుద్ధం నుంచి తుపాకి చప్పుడు విన్నానంటే చేతులు ఆడవు. ఇక్కడ పేలిస్తే నేను బండి నడపలేను. మిమ్మల్ని ఇంటికి చేర్చలేను."

ఆయన నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. "నీ భయం సంగతి నేనడగలేదు. వీడి సంగతి అడిగాను. భయమైతే నిన్ను మీ దేశానికి పంపిస్తాను. అక్కడ చప్పుళ్లు ఉండవేమో."

నా పని అయిపోయిందనుకున్నాను. దేశం వదిలి పొమ్మని పాస్‌పోర్టు మీద కొట్టే ఎగ్జిట్ ముద్ర నా కళ్ల ముందు పడిపోయింది. ఊళ్లో ఇంకా పైకప్పు వెయ్యని ఇల్లు గుర్తొచ్చింది, మా ఆవిడకు ఏం చెప్పాలా అనిపించింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. అంత దాకా వచ్చి ఆ పిల్లవాడి ముందు అబద్ధాలకోరుగా మిగిలిపోయానని సిగ్గు కూడా వేసింది.

"తాతా" అన్నాడు పిల్లవాడు. గొంతు సన్నగా ఉంది. "ఈయనకు భయం లేదు. టైరు పేలినప్పుడు ఈయనే దిగి మార్చాడు. భయం నాకు."

 జింక ఇంకా తలుపును పొడుస్తూనే ఉంది.

"ఎప్పటి నుంచి?" అన్నాడు పెద్ద బాబా.

"రియాద్ నుంచి."

ముసలాయన తుపాకిని మధ్యలో మడిచి తూటా తీసి జేబులో వేసుకున్నాడు. చేతులు తొందరపడలేదు. తర్వాత కొడుకు వైపు తిరిగి ఏదో అన్నాడు. బాబాకు వినిపించలేదు, ఆయన ఎడమ పక్కన నిలబడి అన్నాడు కాబట్టి. ముసలాయన ఇసుకలో అడుగులేసుకుంటూ కొడుకు చుట్టూ తిరిగి కుడి వైపుకు వచ్చాడు. అదే మాట మళ్లీ అన్నాడు.

"ఆ రోజు నువ్వు కూడా ఇలా చెప్పి ఉంటే, నీ చెవి పక్కన నేను పేల్చి ఉండేవాణ్ని కాదు."

"నాకు ఏడేళ్లు" అన్నాడు బాబా. "నన్ను ఎవరడిగారు?"

"అందుకే కదా అప్పటి నుంచి అందర్నీ అడుగుతున్నాను." ముసలాయన గొంతులో కోపం ఉందో ఇంకేముందో నాకు తెలియలేదు. "నీ అన్న కొడుకులప్పుడు అడిగాను. ఇప్పుడు అడిగాను. దూరం పరిగెత్తని జింకను కూడా తెచ్చాను, తరుముతూ బండి మీంచి కాల్చే పని లేకుండా. ఒక్కరంటే ఒక్కరు వద్దనరు. మీ ఇష్టం అంటారు. అందరిదీ అదే మాట."

నేను స్టీరింగు పట్టుకుని నిలబడ్డాను. జగిత్యాల నుంచి అంత దూరం వచ్చి, మా తాత మాటను ఆ ముసలాయన నోట వినడం ఎలా ఉంటుందో చెప్పలేను. మా వాళ్లందరం దొరలను ఎలా తప్పించుకున్నామో, ఆ ఇంట్లో వాళ్లందరూ ఆయన్ను అలాగే తప్పించుకున్నారు. కన్నకొడుకు కూడా. బాబా తను వద్దనలేక, వద్దనే మనిషి కోసం నా చుట్టూ తిరిగాడు. ఆయన నిజంగానే అడిగాడు. నేనే గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడతాను, అంతకు ముందు నన్ను ఏ యజమాని నిజంగా అడిగాడు కనుక?

తిరిగి వచ్చేటప్పుడు జింకను నా బండిలోనే ఎక్కించాం. పిల్లవాడు దాని పక్కన కూర్చుంటానన్నాడు. తాత కాదనలేదు. నాతో మాత్రం వాడు నాలుగైదు రోజులు మాట్లాడలేదు. నేను వాడి సంగతి చెప్పనందుకు కాదు, నాకు చప్పుడంటే భయమని చెప్పినందుకు. నా భయం నువ్వెందుకు తీసుకున్నావ్ అని ఒక పొద్దున బడి ముందు అడిగాడు. నేను వాడి సంచీ అందించి బండి ఎక్కాను.

తోటకు చేరేసరికి భాయ్ తన ట్రంకుపెట్టె కట్టుకుని మోటారు షెడ్డు ముందు కూర్చున్నాడు. పోలీసులు రాలేదని చెబితే నమ్మలేదు. వేట ఆగిపోయిందంటే అసలు నమ్మలేదు. జరిగిందంతా చెప్పాక పెట్టె తాడు ఇంకోసారి బిగించి, "ముసలోడు దీంట్ల ఇంకేదో పెట్టిండు తమ్మీ" అన్నాడు. ఆ పెట్టె విప్పడానికి ఆయనకు వారం పట్టింది. నిజం చెప్పాలంటే నాకూ ఆ వారం సరిగ్గా నిద్ర పట్టలేదు. నన్ను ఎగ్జిట్ మీద పంపలేదు. ఎందుకు పంపలేదో కూడా ఎవరూ చెప్పలేదు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఈసారి ముసలాయన ఎవరినీ విడివిడిగా అడిగించలేదు. ఒక శుక్రవారం భోజనాలయ్యాక ఇంటి ముందు చాప మీద కూర్చుని, పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, నన్ను కూడా పిలిపించాడు. బాబా ఉన్నాడు, బడి సారు ఉన్నాడు, ఖురాన్ చెప్పే ఆయన ఉన్నాడు. ఆడవాళ్లు లోపల, తలుపు కొద్దిగా తెరిచి ఉంది. కాఫీ తిరిగింది. ముసలాయన పోయినేడు ఎడారిలో అడిగినట్టే అడిగాడు. "వీడు సిద్ధంగా లేడనేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

సారు చాప వైపు చూశాడు. ఖురాన్ ఆయన కప్పు తిప్పుకున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను, ఈసారి చెప్పాలనే వచ్చాను. కానీ మళ్లీ కాఫీ కప్పు ఎత్తుకున్నాను. మనిషి ఒక్క ఏడాదిలో మారడు.

"వద్దు" అని వినిపించింది.

తలుపు వెనక నుంచి. మామా గొంతు. ఆ ఇంట్లో పనిచేసిన అన్నేళ్లలో మగవాళ్లు కూర్చున్న చోటికి ఆమె గొంతు రావడం అదే మొదటిసారి. పోయినేడు ఆమెనూ అడిగారు, ఆమె కూడా 'మీ ఇష్టం' అన్నది. పిల్లవాడి సంగతి నాకూ వాడికీ మాత్రమే తెలిసిన రహస్యమని అన్నేళ్లు అనుకున్నాను, ఆమెకు తెలుసేమోనన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు. ఇంటిల్లిపాదినీ అనుమానించిన నాకు, తల్లి మీద మాత్రం రాలేదు.

"వాడు ఇంకా నిద్రలో ఉలిక్కిపడుతున్నాడు. ఈ ఏడు కూడా వద్దు. వచ్చే ఏడు మళ్లీ అడగండి" అంది ఆమె.

ముసలాయన తలుపు వైపు చూశాడు.  కప్పు ఊపి, ఇక చాలన్నట్టు పక్కన పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు?"

"నేను కూడా వద్దనే అంటున్నాను పెద్ద బాబా" అన్నాను. బాబా ఎడమ వైపు కూర్చున్నానేమో ఆయనకు వినిపించలేదు. అందుకని ఇంకొంచెం గట్టిగా మళ్లీ అన్నాను.